గిర్మిట్ పాసు మొదలు సిన్ నంబరు దాకా

ఫిజీ తెలుగు కుటుంబాల చరిత్ర ఒక నంబరుతో మొదలవుతుంది. 1903లో మద్రాసు రేవునుంచి ఫిజీ దీవులకు కూలీ ఓడలు బయలుదేరసాగాయి. 1916లో ఆ ఓడలు ఆగిపోయేవరకు ఆ దారిన సుమారు 15 వేలమంది దక్షిణాదివారు సముద్రం దాటారు. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. ఓడ ఎక్కేముందు ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం రాశారు. అదే ఎమిగ్రేషన్ పాసు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు, గాయపు గుర్తులు, దగ్గరి బంధువు పేరు అందులో ఉండేవి. పైన ఒక నంబరు ఉండేది.

అగ్రిమెంటు అనే ఇంగ్లీషు మాట మన పెద్దల నోట గిర్మిట్ అయింది. ఐదేళ్ళ ఒప్పందం. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు కూలి. తమ పాసుమీద ఏమి రాశారో చదవగలిగినవారు బహు తక్కువ. గుమాస్తా తన చెవికి వినబడినట్టు పేరు రాసుకున్నాడు. ఇంటిపేరు అన్నది అతనికి అక్కరలేదు. అందువల్లనే చాలా కుటుంబాలలో తాతగారి పేరే తరువాతి తరాలకు ఇంటిపేరు అయిపోయింది.

ఆ పాసులు నేటికీ సువా నగరంలోని ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మనలో ఎందరో వాటి నకళ్ళు తెప్పించుకొని, పటం కట్టించి, గోడకు తగిలించుకున్నారు. మన ఊరి పేరు తెలిసింది ఆ కాగితంవల్లనే. కూలివాణ్ణి పోల్చుకోవడానికి దొర రాయించిన వివరాలు మనుమలకు వంశవృక్షపు వేళ్ళయినాయి.

ఇప్పుడు మనం కెనడాలో ఉన్నాము. 1967 తరువాత కొందరు, 1987లో ఫిజీలో సైనికులు ప్రభుత్వాన్ని కూలదోసిన తరువాత మరికొందరు ఇక్కడికి చేరాము. మారిషస్‌నుంచి, దక్షిణాఫ్రికానుంచి, మలయానుంచి వచ్చిన తెలుగు కుటుంబాలూ మనతో ఉన్నాయి. ఈ దేశంలో కూడా అడుగుపెట్టగానే మనకు ఒక నంబరు ఇచ్చారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, అమ్మ పుట్టింటివారి పేరు రాసి బ్యాంకుకు ఇచ్చాము, రక్తపరీక్షల శాలకు ఇచ్చాము, బడికి ఇచ్చాము. ఆ వివరాలు దొంగల చేతిలో పడినప్పుడు ఖాతాదారులు ఏమి చేశారు, ఏమి చేయలేకపోయారు, వారు చేసినదానివల్ల ఏమి మారింది అన్నదే ఈ వ్యాసానికి విషయం. గడచిన ఇరవై ఏళ్ళకు పైబడిన కెనడా చరిత్రే దీనికి ఆధారం.

తొమ్మిది అంకెల కథ

సోషల్ ఇన్సూరెన్స్ నంబరును కెనడా ప్రభుత్వం 1964లో ప్రవేశపెట్టింది. పింఛను పథకానికి, నిరుద్యోగ బీమాకు లెక్కలు రాసుకోవడమే దాని అసలు పని. 1967లో ఆదాయపు పన్ను శాఖ కూడా దానినే వాడుకోవడం మొదలుపెట్టింది. క్రమంగా వడ్డీ ఇచ్చే ప్రతి ఖాతాకు అది అవసరమయింది. లెక్కలకోసం పుట్టిన నంబరు ఇలా మనిషికి మారుపేరుగా తయారయింది.

ఇంటి తాళం పోతే తాళం మార్చుకోవచ్చు. బ్యాంకు కార్డు పోతే కొత్త కార్డు తెచ్చుకోవచ్చు. కాని పుట్టిన తేదీ పోతే మరొక తేదీన పుట్టలేము. అమ్మ పుట్టింటి పేరు మార్చుకోలేము. సిన్ నంబరు మార్చడం కూడా ఈ దేశంలో అంత సులభం కాదు. డబ్బు దొంగతనానికీ వివరాల దొంగతనానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. పోయిన డబ్బు ఒక్కసారే పోతుంది. పోయిన వివరాలతో పదేళ్ళ తరువాత కూడా ఎవడో మన పేరున అప్పు తీసుకోవచ్చు.

తొలినాటి సంఘటనలు

2001నుంచి 2004 వరకు సి.ఐ.బి.సి. బ్యాంకు శాఖలనుంచి ఖాతాదారుల వివరాలున్న ఫ్యాక్సులు పొరపాటున అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఒక పాత ఇనుప సామాను వ్యాపారికి వెళ్ళసాగాయి. ఆయన బ్యాంకుకు చెప్పాడు. అయినా ఫ్యాక్సులు ఆగలేదు. 2004 నవంబరులో సంగతి వార్తలకెక్కిన తరువాతనే బ్యాంకు మేలుకొంది. ఇందులో దొంగ ఎవరూ లేరు. ఉన్నది అజాగ్రత్త ఒక్కటే. తమ కాగితాలు పరాయి దేశపు ఇనుప కొట్టులో పడి ఉన్నాయని ఖాతాదారులకు మూడేళ్ళు తెలియలేదు.

2003 జనవరిలో సస్కాచివాన్ రాష్ట్రంలోని రెజైనా నగరంలో ఒక కంప్యూటర్ సంస్థనుంచి హార్డు డిస్కు ఒకటి మాయమయింది. అందులో బీమా ఖాతాదారులు, ప్రభుత్వ శాఖలతో సంబంధం ఉన్నవారు కలిపి దాదాపు 10 లక్షలమంది వివరాలు ఉన్నాయి. డిస్కు తరువాత దొరికింది. అయితే ఆ సంస్థ పేరు అంతకుముందు విన్నవారే తక్కువ. మనం వివరాలు ఇచ్చేది ఒకరికి, అవి వెళ్ళి కూర్చునేది మరొకరి దగ్గర అన్న సంగతి అప్పుడు చాలామందికి మొదటిసారిగా తెలిసింది.

2007 జనవరిలో ఒకే వారంలో రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది విన్నర్స్, హోమ్‌సెన్స్ దుకాణాల యజమాని అయిన టీజేఎక్స్ కంపెనీది. దాని కంప్యూటర్లలోనుంచి 4 కోట్లకు పైగా కార్డుల నంబర్లు దొంగల పాలయ్యాయి. రెండవది సి.ఐ.బి.సి.కి చెందిన టాల్‌వెస్ట్ ఫండు సంస్థది. మాంట్రియాల్‌నుంచి టొరాంటోకు పంపిన ఒక డిస్కు దారిలో కనబడకుండా పోయింది. అందులో 4 లక్షల 70 వేలమంది వివరాలు ఉన్నాయి.

టీజేఎక్స్ సంగతిని అప్పటి ఫెడరల్ ప్రైవసీ కమిషనరు జెనిఫర్ స్టోడార్ట్, ఆల్బర్టా కమిషనరు ఫ్రాంక్ వర్క్ కలిసి విచారించారు. అదే ఏడు సెప్టెంబరులో నివేదిక ఇచ్చారు. రసీదు లేకుండా సరుకు తిరిగి ఇవ్వడానికి వచ్చినవారి డ్రైవింగు లైసెన్సు నంబర్లు కూడా దుకాణాలు రాసుకొని దాచాయని, అంత అవసరం లేదని వారు తేల్చారు. అక్కరలేనిది అడగకూడదు, అడిగినది అవసరం తీరాక ఉంచకూడదు అన్నదే ఆ నివేదిక సారాంశం.

మరి కొనుగోలుదారులు ఏమి చేశారు? పత్రికలలో కోపంగా ఉత్తరాలు రాశారు. కోర్టులో దావాలు వేశారు. కాని బట్టలు కొనడం మానలేదు. ఆ సంవత్సరం ఆ కంపెనీ అమ్మకాలు తగ్గకపోగా పెరిగాయి. చవక ధర కంటికి కనబడుతుంది. పోయిన నంబరు కంటికి కనబడదు. జనం మీద తప్పు మోపడానికి ఈ మాట చెప్పడం లేదు. కొనుగోలుదారు అలిగి వెళ్ళిపోతాడన్న భయం ఒక్కటే కంపెనీలను క్రమశిక్షణలో పెడుతుందని ఆశపడితే లాభం లేదని చెప్పడమే మా ఉద్దేశం.

ఇంటి దొంగ

క్యూబెక్ రాష్ట్రంలో డెజార్డాన్ పేరు తెలియని ఇల్లు ఉండదు. 1900 డిసెంబరు 6న ఆల్ఫోన్స్ డెజార్డాన్ అనే ఆయన లెవీ పట్టణంలో దానిని స్థాపించారు. పెద్ద బ్యాంకులు పేదవారిని గడప తొక్కనివ్వని రోజులవి. 1901 జనవరిలో తొలి డిపాజిట్లు తీసుకున్నారు. మొదటి డిపాజిట్ 10 సెంట్లు. ఆ రోజు మొత్తం వసూలు 26 డాలర్ల 40 సెంట్లు. పరస్పర సహాయ సంఘంగా వారి ఇంటిలోనే మొదలయిన ఆ సంస్థను ఆయన లేనప్పుడు భార్య డొరిమెన్ నడిపారు. మన ఆంధ్ర గ్రామాలలోని సహకార పరపతి సంఘాలను ఎరిగినవారికి దాని స్వభావం వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఖాతాదారుడు ఖాతాదారుడు మాత్రమే కాదు, సభ్యుడు. సంస్థ అతనిది.

అటువంటి సంస్థ 2019 జూన్ 20న ఒక ప్రకటన చేసింది. 29 లక్షలమంది సభ్యుల వివరాలు బయటకు పోయాయని చెప్పింది. పేరు, పుట్టిన తేదీ, సిన్ నంబరు, చిరునామా, ఫోను నంబరు, లావాదేవీల అలవాట్లు పోయిన వివరాలలో ఉన్నాయి. నవంబరు వచ్చేసరికి ఆ లెక్క 42 లక్షలకు, అనగా వ్యక్తిగత సభ్యులందరికీ చేరింది. 2020 డిసెంబరులో ప్రైవసీ కమిషనరు నివేదిక వచ్చేసరికి మొత్తం 97 లక్షలమంది అని తేలింది. అప్పటి క్యూబెక్ రాష్ట్ర జనాభాకన్న అది ఎక్కువ. ఖాతా మూసి ఏళ్ళు గడచిన లక్షలమంది కూడా అందులో ఉన్నారు.

బయటి దొంగ ఎవరూ గోడ దూకలేదు. లోపలి ఉద్యోగి ఒకడు కనీసం 26 నెలలపాటు వివరాలు నకలు తీసి బయటకు చేరవేశాడు. రహస్యంగా ఉంచవలసిన వివరాలను ఇతర ఉద్యోగులు తమ పనికోసం అందరూ తెరవగలిగిన చోట పెట్టడం అతనికి కలిసి వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన సామెత. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అన్నది మరొక సామెత. ఇక్కడ ఆరు నెలలు కాదు, రెండేళ్ళు దాటింది.

సభ్యుల స్పందన గమనింపదగినది. శాఖల దగ్గర, ఫోనులలో రద్దీ పెరిగింది. కొద్ది రోజులలోనే సామూహిక దావాలు దాఖలయ్యాయి. మాకు కొత్త సిన్ నంబర్లు ఇవ్వండి అని వేలాదిమంది ప్రభుత్వానికి అర్జీమీద సంతకాలు చేశారు. జూలై 15న పార్లమెంటు కమిటీ వేసవి సెలవుల మధ్యలో అత్యవసరంగా సమావేశమయింది. కొత్త నంబరు ఇచ్చినా పాత నంబరుతో మోసం ఆగదని అధికారులు చెప్పారు. కాబట్టి అర్జీ నెరవేరలేదు. కాని అదే రోజున డెజార్డాన్ తన సభ్యులందరికీ, వివరాలు పోయినా పోకపోయినా, రక్షణ కల్పిస్తానని ప్రకటించింది. మోసపోయినవారికి ఖర్చులకింద 50 వేల డాలర్ల వరకు ఇస్తానన్నది.

అంతకుముందు సభ్యులకు ఇచ్చిన ఉపశమనం ఈక్విఫాక్స్ సంస్థ కాపలా. వారి పేరున ఎవరైనా అప్పు తీసుకుంటే ఆ సంస్థ హెచ్చరిస్తుంది. అయితే ఆ ఈక్విఫాక్స్‌కే 2017లో కన్నం పడింది. అమెరికాలో 14 కోట్లకు పైగా జనం వివరాలతోపాటు సుమారు 19 వేలమంది కెనడావారి వివరాలు అప్పుడు పోయాయి. దొంగలు పడిన ఇంటివాడినే కాపలా పెట్టారేమని సభ్యులు అడగడంలో న్యాయం ఉంది.

సభ్యులు గుంపులు గుంపులుగా డెజార్డాన్‌ను విడిచిపోలేదు. ఉండి, అడిగారు. 2022 జూన్‌లో కోర్టు 20 కోట్ల డాలర్లకు పైబడిన రాజీని ఆమోదించింది. పోయిన సమయానికి 90 డాలర్ల వరకు, పేరు దొంగిలింపబడినవారికి 1000 డాలర్ల వరకు ఇవ్వాలన్నారు. అంతకన్న విలువైన ఫలితం చట్టాలలో కనబడింది. అప్పుల చరిత్ర రాసే సంస్థలను అదుపులో పెడుతూ క్యూబెక్ 2020లో చట్టం చేసింది. దానికింద 2023 ఫిబ్రవరినుంచి ఆ రాష్ట్రవాసులు తమ అప్పుల చరిత్రకు తాళం వేయించుకోవచ్చు. అప్పుడు తమ పేరున ఎవడూ కొత్త అప్పు పుట్టించలేడు. 2021లో చేసిన మరొక చట్టం నిర్లక్ష్యం చేసిన కంపెనీకి 2 కోట్ల 50 లక్షల డాలర్ల వరకు, లేదా ప్రపంచవ్యాప్త రాబడిలో నూటికి 4 వంతుల వరకు జరిమానా వేయవచ్చునన్నది.

వెళ్ళిపోవడానికి చోటు లేనివారు

దుకాణం మార్చుకోవచ్చు, కష్టంమీద బ్యాంకు కూడా మార్చుకోవచ్చు. కాని డాక్టరు రాసిన రక్తపరీక్షకు ఎక్కడికి వెళతాము? బ్రిటిష్ కొలంబియాలో, ఒంటారియోలో ఉన్న మనలో చాలామంది వెళ్ళేది లైఫ్‌ల్యాబ్స్‌కే. మధుమేహం ఉన్న మన పెద్దలకు ఆ గది గుడికన్న ఎక్కువ పరిచయం.

2019 డిసెంబరు 17న ఆ సంస్థ ప్రకటన ఇచ్చింది. 1 కోటి 50 లక్షలమంది వివరాలున్న కంప్యూటర్లలోకి దొంగలు చొరబడ్డారని, వివరాలు తిరిగి రాబట్టుకోవడానికి డబ్బు చెల్లించామని తెలిపింది. ఒంటారియోలో సుమారు 85 వేలమంది పరీక్షా ఫలితాలు కూడా అందులో ఉన్నాయి. రెండు రాష్ట్రాల కమిషనర్లు విచారించి 2020 జూన్‌లోనే నివేదిక పూర్తి చేశారు. దానిని బయటపెట్టవద్దని సంస్థ కోర్టుకెక్కింది. చివరకు 2024 నవంబరులో గాని జనం ఆ నివేదికను చదవలేకపోయారు. తమ వివరాలు ఎందుకు పోయాయో తెలుసుకోవడానికి నాలుగేళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది.

ఈలోగా సామూహిక దావా రాజీ అయింది. మొత్తం 98 లక్షల డాలర్లు. 9 లక్షలమందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. ఖర్చులు పోను 2024లో ఒక్కొక్కరి చేతికి వచ్చింది 8 డాలర్లలోపు. ఒక పూట కాఫీ, రొట్టెలకు సరిపోతుంది. ఆ సొమ్ము చూసి నవ్వుకున్నవారు ఉన్నారు, తిట్టుకున్నవారు ఉన్నారు. మరొక విధంగా చూద్దాము. 9 లక్షలమంది ఫారం నింపడానికి పూనుకున్నారు. అది చిన్న సంఖ్య కాదు. కెనడా జనం పట్టించుకోరని ఇకమీదట ఏ కంపెనీ అనలేదు.

ప్రభుత్వం కూడా దీనికి అతీతం కాదు. 2012 నవంబరులో ఫెడరల్ మానవ వనరుల శాఖలో ఒక హార్డు డిస్కు పోయింది. అందులో చదువుకోసం అప్పు తీసుకున్న 5 లక్షల 83 వేలమంది వివరాలు ఉన్నాయి. 2018లో 1 కోటి 75 లక్షల డాలర్ల రాజీ జరిగి, ఒక్కొక్కరికి 60 డాలర్లు ఇచ్చారు. ప్రభుత్వ పథకం కింద చదువుల అప్పు కావాలంటే ప్రభుత్వం దగ్గరకే వెళ్ళాలి. అక్కడా వెళ్ళిపోవడానికి చోటు లేదు.

ఉపాధ్యాయులమైన మాకు అన్నిటికన్న ఎక్కువ బాధ కలిగించినది బడుల సంగతి. 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ అనే సంస్థ కంప్యూటర్లలోకి దొంగలు ప్రవేశించారు. కెనడాలో, అమెరికాలో ఎన్నో బడుల హాజరు, మార్కుల వివరాలు ఆ సంస్థ దగ్గర ఉంటాయి. టొరాంటో డిస్ట్రిక్టు స్కూలు బోర్డు తెలిపినదాని ప్రకారం 1985 సెప్టెంబరునుంచి చదివిన విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి. 1985లో ఒకటవ తరగతిలో కూర్చున్న పిల్లవాడు ఇప్పుడు పిల్లల తండ్రి. అతని పేరు, అతని పిల్లల పేర్లు ఒకే మూటలో పోయాయి. మనవారు ఎక్కువగా ఉండే మిస్సిసాగా, బ్రాంప్టన్ బడులను నడిపే పీల్ బోర్డు కూడా ఆ జాబితాలో ఉంది. సంస్థ దొంగకు డబ్బిచ్చింది. వివరాలు చెరిపివేశామని దొంగ నమ్మబలికాడు. 2025 మే నెలలో బోర్డులకు మళ్ళీ బెదిరింపులు వచ్చాయి. దొంగమాటకు విలువ ఎంతో అప్పుడు తెలిసింది.

న్యాయస్థానాలు ఏమన్నాయి

2012 జనవరిలో ఒంటారియో అప్పీలు కోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. ఒక బ్యాంకు ఉద్యోగిని మరొక స్త్రీ ఖాతాను నాలుగేళ్ళలో 174 సార్లు అనవసరంగా తెరచి చూసింది. డబ్బేమీ తీసుకోలేదు. అయినా ఒకరి ఏకాంతంలోకి చొరబడడమే తప్పు అని కోర్టు తేల్చి 10 వేల డాలర్లు ఇప్పించింది. డబ్బు నష్టం లేకపోయినా మనస్సుకు కలిగిన నష్టాన్ని ఆ తీర్పు గుర్తించింది.

దానిని ఆధారం చేసుకొని ఖాతాదారులు కంపెనీలమీద దావాలు వేశారు. 2022 నవంబరులో అదే కోర్టు ఈక్విఫాక్స్ కేసులో గీత గీసింది. చొరబడినది దొంగ గాని కంపెనీ కాదు, తలుపు తీసిపెట్టినవాడిని చొరబాటుదారు అనలేము అన్నది. 2023లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. నిర్లక్ష్యంవల్ల నష్టం జరిగిందని రుజువు చేసే దారి మిగిలి ఉంది. అది కష్టమైన దారి.

చెప్పవలసిన బాధ్యత విషయంలో మాత్రం మేలు జరిగింది. 2018 నవంబరు 1నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం గట్టి హాని జరిగే ప్రమాదం ఉన్నప్పుడు కంపెనీ తన ఖాతాదారులకు, ప్రైవసీ కమిషనరుకు తప్పక తెలియజేయాలి. అంతకుముందు ఆల్బర్టా వంటి చోట్ల తప్ప ఈ నియమం లేదు. మనకు ఇప్పుడు ఇన్ని ఉత్తరాలు రావడానికి దొంగతనాలు పెరగడం ఒక్కటే కారణం కాదు, దాచిపెట్టడం నేరమైంది కూడా.

మూడు దారులు

1970లో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే అర్థశాస్త్రవేత్త ఒక పుస్తకంలో చెప్పిన మాట ఇక్కడ పనికివస్తుంది. ఒక సంస్థ మనకు అన్యాయం చేస్తే మనకు రెండు దారులు ఉన్నాయి. వెళ్ళిపోవడం ఒకటి. గొంతెత్తడం రెండవది. వీటికి మధ్య సంస్థమీద ఉన్న అభిమానం మనను పట్టి ఉంచుతుంది. మన కుటుంబాలలో మరొక దారి ఉంది. అది మౌనం.

మౌనం మనకు ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. గిర్మిట్ కాలంలో ఐదేళ్ళవరకు వెళ్ళిపోవడానికి వీలులేదు. ఎదురు చెబితే జరిమానా, జైలు. ఆఫీసుతో పెట్టుకోవద్దు, కాగితం ఇమ్మంటే ఇచ్చేయి అన్న మాట తరతరాలుగా మన ఇళ్ళలో వినబడుతూనే ఉంది. అందువల్ల ఇటువంటి ఉత్తరం వస్తే చదవకుండా సొరుగులో పెడతాము. మోసపోతే పిల్లలకు కూడా చెప్పము. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందనుకుంటాము. దొంగకు కావలసినదీ అదే.

కాని గిర్మిట్ రద్దయింది మౌనంవల్ల కాదు. 1914లో తోతారామ్ సనాఢ్య తన 21 ఏళ్ళ ఫిజీ అనుభవాన్ని హిందీలో పుస్తకంగా వెలువరించారు. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ ఫిజీకి వెళ్ళి కూలీల మాటలు విని నివేదిక రాశారు. భారతదేశమంతటా సభలు జరిగాయి. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. పెద్ద కష్టంతో చిన్న కష్టాన్ని పోల్చడం మా ఉద్దేశం కాదు. చెరకు తోటలో అనుభవించిన బాధ వేరు, సిన్ నంబరు పోయిన చిక్కు వేరు. నలుగురు కలిసి అడిగినప్పుడే కదలిక వస్తుందన్న సత్యం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మనం చేయదగినవి

అడగనిదే అమ్మైనా పెట్టదు. ఫారం నింపేటప్పుడు ఇది ఎందుకు, ఎన్నాళ్ళు ఉంచుతారు, ఇంకెవరికి ఇస్తారు అని మర్యాదగా అడుగుదాము. సిన్ నంబరు ఉద్యోగం ఇచ్చేవారికి, పన్ను శాఖకు, వడ్డీ ఇచ్చే ఖాతాకు అవసరం. ఇల్లు అద్దెకిచ్చేవారికి చట్టప్రకారం అవసరం లేదు. కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఈ సంగతి ముందుగా చెప్పవలసిన బాధ్యత మనది.

వివరాలు పోయాయని ఉత్తరం వస్తే దానిని ఇంట్లో అందరికీ చదివి వినిపిద్దాము. ఆ ఉత్తరం పేరు చెప్పి వచ్చే ఫోనును నమ్మకుండా, మన పాత కాగితాలమీద ఉన్న నంబరుకు మనమే ఫోను చేద్దాము. ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలనుంచి అప్పుల చరిత్రను ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఏడాదికి ఒకసారి, ఉగాదికి పంచాంగం చూసినట్టు, దానిని చూసుకుందాము. తాతలకు, అవ్వలకు పక్కన కూర్చొని చదివి చెప్పడం మనుమల పని. సామూహిక దావా ఫారం వస్తే సొమ్ము ఎనిమిది డాలర్లే అయినా నింపుదాము. లెక్కలో మనమూ ఉండాలి.

చివరగా మన సంఘాల సంగతి. పెళ్ళిలో అప్పగింతలప్పుడు పిల్ల చేతిని అత్తవారి చేతిలో పెట్టి, జాగ్రత్తగా చూసుకోండి అంటాము. పేరూ, ఊరూ, పుట్టిన తేదీ ఒకరి చేతిలో పెట్టడం కూడా చిన్నపాటి అప్పగింతే. ఇతరులను అడిగే మనం మన దగ్గర ఉన్న అప్పగింతలను కూడా చూసుకోవాలి. సాయంకాలపు తెలుగు తరగతుల హాజరు పట్టీలో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు ఉన్నాయి. సభ్యత్వ రిజిస్టరులో చిరునామాలు ఉన్నాయి. వంశవృక్షాల పుస్తకంలో అమ్మమ్మల పుట్టింటి పేర్లు ఉన్నాయి. బ్యాంకులు రహస్య ప్రశ్నగా అడుగుతూ వచ్చిన పేర్లు అవే.

అందుచేత మా సూచన ఇది. పోయిన తరాల వివరాలు పదిమందికీ పంచుదాము, అచ్చు వేద్దాము. అవి మన ఉమ్మడి ఆస్తి. బ్రతికి ఉన్నవారి పుట్టిన తేదీలు, ఫోను నంబర్లు మాత్రం వారిని అడిగి, వారు ఒప్పుకుంటేనే అచ్చు వేద్దాము. తరగతి విడిచిన పిల్లల పట్టీలలో పేరు, చదివిన సంవత్సరం మాత్రం చరిత్రకోసం ఉంచి, తక్కినది ఏటా చింపివేద్దాము. రిజిస్టరు ఎవరి ఇంట, ఏ బీరువాలో ఉన్నదో సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చదివి వినిపించాలి. ఈ తీర్మానం వచ్చే సమావేశంలో ఎవరైనా ప్రతిపాదిస్తే బలపరచడానికి ఉపాధ్యాయులమైన మేము సిద్ధంగా ఉన్నాము.